పేరు లేని నంబరు

దసరా సెలవులకు ముందు రోజు నేత్ర టీచర్ కోడిగుడ్లకు ఫొటో తీస్తోంది.

గుడ్లు ఎన్ని వచ్చాయో, ఎంతమంది తిన్నారో పన్నెండు గంటల లోపల యాప్‌లో ఎక్కించాలి. ఎక్కించకపోతే పిల్లలు తిన్నా తిననట్టే.

కర్ణాటక సరిహద్దు పల్లెలోని ఆ కన్నడ బడిలో నెట్‌వర్క్ వచ్చేది కిటికీ పక్క మూలలోనే. నేత్ర అక్కడ చేయెత్తి నిలబడి ఉండగా గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

"అమ్మా, ఈ ఫోను ఒకపారి చూడమ్మా. రెండు దినాలైంది, దీంట్లోకి ఏమీ రాల్యా."

అరవై దాటిన మనిషి. మాసిన పంచె, అద్దం పగిలిన ఫోను. కుడిచేతి వేళ్ళకు తెల్లగా సున్నం. ఆకువక్క అలవాటున్నట్టుంది అనుకుంది నేత్ర.

ఫోను చూడగానే అర్థమైంది. ఐదో తరగతి వాట్సాప్ గ్రూపులోంచి మొన్న తను తీసేసిన నంబరు ఇదే.

గ్రూపులోకి ఎవరో దూరి, స్కాలర్‌షిప్ అంటూ దొంగ లింకు పంపారు. తల్లిదండ్రులు తప్ప ఇంకెవరూ ఉండకూడదని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఈ నంబరుకు పేరు లేదు, ఫొటో లేదు, ఏనాడూ ఒక్క జవాబు లేదు. ఏం పెట్టినా అందరికంటే ముందు చూసేది మాత్రం ఇదే. నేత్రకు అదే మరీ అనుమానంగా తోచింది.

"నేనే తీసేసినానప్పా. మీ బిడ్డ ఎవరు?"

"నాకు బిడ్డల్లేరమ్మా."

"మనవళ్ళు?"

"బిడ్డలే లేకపోతే మనవళ్ళు యాడొస్తారమ్మా!" నవ్వాడు ముసలాయన.

"మరి ఇస్కూలు గ్రూపులో నీకేం పని?"

"ముందుండిన మేడమే చేర్చినారు. నేను దినమూ చూసి..."

అప్పుడే యాప్ తెరుచుకుంది. నేత్ర ఆగమన్నట్టు చెయ్యి చూపించి గుడ్ల ఫొటో నొక్కింది. సగం ఎక్కి ఆగిపోయింది. చిరాకు ముంచుకొచ్చింది.

"రూలప్పా! తల్లో తండ్రో కాకపోతే చేర్చేదానికి లేదు. నా చేతిలో ఏమీ లేదు."

ముసలాయన ఫోను వెనక్కి తీసుకున్నాడు.

"అట్లే కానీలెమ్మా" అని, ఫోనును పంచె కొంగులో చుట్టుకొని వెళ్ళిపోయాడు.

నేత్ర పేరైనా అడగలేదు. ఫొటో మూడోసారికి ఎక్కింది.

సెలవుల్లో మూడోరోజు ఇంకో ఆర్డరు వచ్చింది. వసతి పాఠశాల ప్రవేశపరీక్ష పన్నెండో తేదీన కాదు, ఒక వారం ముందుగా ఐదునే.

నేత్రకు మొదట గుర్తొచ్చింది అర్పిత. బడి ఉన్న బట్లహళ్ళికి పక్కనుండే చిన్న పల్లె నుంచి రోజూ రెండు మైళ్ళు నడిచొచ్చే పిల్ల. లెక్కల్లో చురుకు. ఈ పరీక్ష నెగ్గితే పన్నెండో తరగతి దాకా తిండీ చదువూ ఉచితం. రాసేదానికి ఒక్కసారే అవకాశం, అదీ ఐదో తరగతిలోనే. వాళ్ళక్కను ఏడుతో మాన్పించి టమాట కోతకు పంపారు.

వెంటనే గ్రూపులో కొత్త తేదీ పెట్టింది. బొటనవేళ్ళ బొమ్మలు వరసగా లేచాయి. అర్పిత తల్లి యశోదమ్మ నంబరు కూడా గ్రూపులో ఉంది. నేత్ర నిశ్చింతగా నిద్రపోయింది.

ఐదో తేదీ ఆదివారం. చింతామణిలో పరీక్ష సెంటరు గేటు దగ్గర నేత్ర తొమ్మిదింటి నుంచే కాచుకుంది.

అర్పిత రాలేదు. యశోదమ్మ ఫోను స్విచ్చాఫ్.

పదిన్నరకు గేటు మూశారు.

"ఐదే ఐదు నిమిషాలు సార్" అని బతిమాలింది.

"హాజరు సిస్టమ్‌లో ఎక్కిపోయిందమ్మా. మా చేతిలో ఏమీ లేదు."

వచ్చిన పిల్లలు పరీక్ష రాసి బయటికొచ్చాక, వాళ్ళను బస్సెక్కించి, నేత్ర ఆ పల్లెకు బయలుదేరింది. చేరేసరికి పాలు పోసే వేళయింది.

డెయిరీ ముందు వరసలో అర్పిత నిలబడి ఉంది. ఒక చేతిలో పాల క్యాను, ఇంకో చేతిలో లెక్కల పుస్తకం. టీచర్ను చూసి మొహం ఇంత చేసుకుంది.

"మిస్! భిన్నాలన్నీ అయిపోయినాయి మిస్. ఇంకా వారముండాది కదా, మల్లా ఒకపారి చేస్తాను!"

నేత్రకు ఏడుపు తన్నుకొచ్చింది.

"వారమని ఎవరు చెప్పినారే?"

"బోర్డు మీదుండాది కదా మిస్."

డెయిరీ గోడకు నల్లబోర్డు. పై సగంలో ఆనాటి పాల లెక్క. కింది సగంలో, సుద్దముక్కతో, సెలవులకు ముందు నేత్ర గ్రూపులో పెట్టిన కన్నడ మెసేజు. అక్షరం పొల్లుపోలేదు. పరీక్ష పన్నెండో తేదీ. నల్ల పెన్ను మరవొద్దు. చివర తను పెట్టిన గులాబీ పువ్వు కూడా ఉంది.

"యశోదమ్మ ఫోను?" అని ఎట్లాగో అడిగింది.

"వానలో తడిసి మూలబడి నాలుగు నెల్లాయె మేడమ్" అన్నాడు డెయిరీ సెక్రటరీ అమరేష్. "ఈ పల్లెలో చదివే పిల్లోల్ల ఇండ్లలో ఫోన్లు యాడుండాయి? రెండు పూటలా పాలకొచ్చినప్పుడు అందరూ ఈ బోర్డే చూసుకుంటారు."

"ఎవరు రాస్తారు?"

"మా క్యాన్లు కడిగే పిళ్ళప్ప. ఈ మధ్య మీ మెసేజులు రావడంలేదంట. పాతది మాసిపోతాదని, దినమూ దానిమీదే మల్లా దిద్దుతాండాడు."

తొట్టి దగ్గర క్యాను కడుగుతున్న ముసలాయన ఆమెను చూసి లేచి, తడిచేతులతోనే నమస్కారం పెట్టాడు.

నేత్ర అటు చూడలేకపోయింది.

"గ్రూపులో ఒక్కసారి, ఒక్క ముక్క జవాబు రాసుంటే నాకు తెలిసుండేది కదప్పా!" అంది అమరేష్‌తో.

"ఏం రాస్తాడు మేడమ్? ఆయప్పకు ఒక్కక్షరమూ రాదు; మీరు పెట్టింది ఎట్లుంటే అట్ల చూసి గీస్తాండాడు, అంతే."