సెల్లులు మార్చే నిమిషం

"మాట్లాడుకుంట సెల్లులు తియ్యి చిన్నమ్మా, మైకు ఆన్ ఉన్నది," అన్నది మా అక్క బిడ్డ రాజశ్రీ. స్మార్ట్‌ఫోన్లకు ముందు వచ్చిన చేతి కంప్యూటర్ల మీద పాడ్‌కాస్ట్ చేస్తుందది.

"మాట్లాడితే సెకన్ల లెక్క తప్పుతదే."

నా చేతిలో ఉన్నది అలాంటి చేతి కంప్యూటరే. పాత బ్యాటరీ సెల్లులు తీశాక నిమిషంలోపు కొత్తవి వెయ్యకపోతే లోపల రాసిందంతా పోతుంది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధరలు రాసుకోవడానికి మా ఆయన కొన్న యంత్రమది. ఆయన పోయి పదహారేళ్లయింది. నెలకోసారి నేను ఈ గండం దాటుతూనే ఉన్నాను. పెళ్లిచూపుల్లో కూడా నాకింత చెమట పట్టలేదు.

ఒక సెల్లు జారి మంచం కిందికి దొర్లింది. రాజశ్రీ పాకుతూ వెళ్లి తెచ్చింది.

"నలభై సెకన్లయింది చిన్నమ్మా."

గట్టిగా నొక్కాను. తెర మీద పాస్‌వర్డ్ అడిగే గడి కనిపించింది. హమ్మయ్య అనుకున్నాను.

"ఇంతకీ చిన్నాయన లోపల ఏం రాసిండు?"

"నాకేం తెల్సు? పాస్‌వర్డ్ చెప్పకుండనే పాయె."

"పదహారేండ్ల సంది చూడనే లేదా?" రాజశ్రీ నోరు తెరిచింది. "అయినా మిర్చి ధరలకు పాస్‌వర్డ్ ఎందుకు పెట్టిండు? ఇటియ్యి, నేను తెరుస్త. రెండు నిమిషాల పని."

అసలు భయం అప్పుడు వేసింది. యంత్రాన్ని కొంగులో చుట్టేసుకున్నాను.

"వద్దు బిడ్డా. ఇన్నేండ్ల సంది మంచోడనే అనుకుంటాన. గట్లనే ఉండనియ్యి."