నాలుగో గీత

ఆ గీత నిన్న లేదు. కచ్చితంగా లేదు. రోహిత్ గది తలుపు చట్రం మీద నిన్నటిదాకా మూడే పెన్సిల్ గీతలు. పక్కన చిన్న అక్షరాల్లో జూన్ 98, ఆగస్టు 98, అక్టోబర్ 98. ఇవాళ నాలుగోది, అర అంగుళం పైన. ఆమె చేతిరాతే. లేని పిల్లవాడు ఎలా ఎదుగుతాడు?

అతను వేలితో గీతను తడిమాడు. చెరిపేయాలనిపించలేదు. అదే అతన్ని భయపెట్టింది.

బయట కొండాపూర్ బండల్లో మధ్యాహ్నపు పేలుడు. కిటికీ అద్దాలు వణికాయి. ఎనిమిది నెలల కిందట ఈ బాల్కనీలోంచి చూస్తే బండలు, సీతాఫలం పొదలు, వాటి మధ్య మేకలు. అప్పుడీ పదంతస్తుల్లో బట్టలు ఆరేసిన బాల్కనీ ఇదొక్కటే. తలుపు మీద పేర్ల పలక ఉన్న ఇల్లూ ఇదొక్కటే: వెంకటనారాయణ, జయలక్ష్మి, రోహిత్. ఇప్పుడు ఎటు చూసినా పునాదుల గుంతలు, వాటి వెనక హైటెక్ సిటీ గాజు భవనం. బిల్డింగులో అన్ని ఫ్లాట్లూ అమ్ముడుపోయాయి. చివరికి ఇది కూడా. కొన్నవాళ్లు రేపు పొద్దున పాలు పొంగిస్తారు. సాయంత్రంలోగా ఖాళీ చేయాలి.

"కాఫీ చల్లారిపోతోందండీ," వంటింట్లోంచి ఆమె గొంతు.

అతను వెళ్లి గ్లాసు అందుకున్నాడు. "ఆ గీత..."

"ఏ గీత?"

"తలుపు మీద. కొత్తది."

"పిల్లలన్నాక ఎదగరా?" అంది ఆమె, గిన్నెలు కాగితంలో చుడుతూ.

అతను గ్లాసు ఖాళీ చేసి ఆమెకిచ్చాడు. ఆమెను పేరు పెట్టి పిలిచేది బయటివాళ్ల ముందే. 'జయా, వీళ్లకి మంచినీళ్లివ్వు' అనడం అప్పుడు తేలిగ్గా వచ్చేది. ఇద్దరే ఉన్నప్పుడు నాలుక మొద్దుబారేది. ఒక ప్రశ్న ఎనిమిది నెలలుగా గొంతులోనే ఉంది. మొదటి రోజుల్లో అడిగేస్తే సరిపోయేది. రోహిత్ మధ్యలోకి వచ్చి నిలబడ్డాక అడగలేకపోయాడు. అడిగితే ఆమె ముఖం మారిపోతుంది. ఆ ముఖంతోపాటు ఈ ఇల్లూ, ఆ గదీ, గదిలో తిరిగేవాడూ పోతారు.

ఆదివారాలు ఫ్లాట్లు చూడ్డానికి వచ్చేవాళ్లను సేల్స్ మధుసూదన్ ముందు ఈ ఇంటికే తీసుకొచ్చేవాడు. ఒకసారి గుంటూరు నుంచి వచ్చినావిడ రోహిత్ గదంతా, బల్ల మీది రెండో క్లాసు పుస్తకాలూ కలయజూసి, "బాబేడండీ?" అంది.

"స్కూలుకెళ్లాడండీ." అలవాటుగా అతని నోట వచ్చేసింది.

"ఆదివారం స్కూలేంటండీ! రెండో క్లాసు నుంచే ఇంజనీర్ని చేసేస్తారా ఏంటి?"

అందరూ నవ్వారు. అతను ఆమె వైపు చూశాడు.

"డ్రాయింగు క్లాసండీ," అంది ఆమె తడుముకోకుండా. "రంగులంటే వాడికి ప్రాణం. బల్లి కనిపిస్తే మాత్రం మంచం దిగడు."

బల్లి సంగతి అతను వినడం అదే మొదటిసారి. మర్నాటి నుంచి ఆ గదిలో బల్లి కనిపిస్తే చీపురుతో తోలేసేవాడు.

మూడింటికి లారీ వచ్చింది. మధుసూదన్ స్క్రూడ్రైవరుతో తలుపు మీది ఇత్తడి పలక విప్పుతున్నాడు. వాచ్‌మన్ చంద్రయ్య పైకొచ్చాడు.

"సోఫా ఎక్కిచ్చినం సార్, మంచాలు గూడ అయినయ్. ఇగ గా పిల్లగాని అర్రనే ఉన్నది. మా చెన్నమ్మ అండ్ల అడుగు పెట్టనంటది. మొన్న ఊడుస్తుంటే ఎన్కకెల్లి బాలు కొట్టిన సప్పుడైందంట."

"చెన్నమ్మకు చెవుడు కదయ్యా!" మధుసూదన్ నవ్వాడు.

"గదే గద సార్ పరేషాన్. మేం మొత్తుకుంటే ఇనబడది, గది ఇనబడ్డది."

మధుసూదన్ పలకను తుడిచి జేబులో వేసుకున్నాడు. "మీరు లేకపోతే ఈ బిల్డింగు ఇంత తొందరగా నిండేది కాదు సార్. మనుషులున్న చోటికే మనుషులొస్తారు. మియాపూర్‌లో ఇంకోటి లేస్తోంది. అక్కడా మీలాంటి కుటుంబమే ముందు దిగాలి. ఇదిగో, మీ ఇద్దరి చివరి నెల జీతాలు."

లోపల గదిలో ఆమె అలమర ముందు కూర్చుని ఉంది. చేతిలో చిన్న నల్లబూట్లు. అడుగున మట్టి అంటనివి. కొంగుతో ఒకసారి తుడిచి, చేతిసంచిలో చీర కిందికి తోసింది. అంతలో మధుసూదన్ గుమ్మంలోకి రావడం అతను చూశాడు. గబగబా వెళ్లి ఇద్దరి మధ్యా అడ్డంగా నిలబడ్డాడు.

"ఇక్కడేం లేదు. అంతా అయిపోయింది," అన్నాడు.

ఐదున్నరకు ఇద్దరూ కొత్తగూడ బస్‌స్టాపు దాకా నడిచారు. పక్కనుంచి పోతున్న కంకర లారీలు దుమ్ము చల్లుతున్నాయి. ఆమె సంచిని గుండెకు ఆనించి పట్టుకుంది.

"క్లాసు నుంచి వచ్చి తలుపు కొడతాడండీ," అంది ఉన్నట్టుండి. "ఎవరో తీస్తారు. కొత్తవాళ్లు. భయపడతాడు."

నవ్వబోయాడు. నవ్వు రాలేదు. తనకూ అదే దృశ్యం కనిపిస్తోంది. మూసిన తలుపు, దాని మీద పలక విప్పేసిన చోట నాలుగు రంధ్రాలు, వాటి కింద చిన్న చెయ్యి.

"అక్కడ లేడు. మనతోనే వచ్చేశాడు," అన్నాడు సంచి వైపు చూస్తూ.

ఆమె తల ఊపింది. కళ్లు తుడుచుకోలేదు.

ముందు ఆమె ఎక్కాల్సిన బస్సు వచ్చి ఆగింది. ఆమె ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టింది. కండక్టరు గంట తాడు అందుకున్నాడు. ఈ బస్సు కదిలితే ఆ ప్రశ్న ఇక ఎప్పటికీ గొంతులోనే ఉండిపోతుంది. అతను రెండడుగులు ముందుకు వేసి కమ్మీ పట్టుకున్నాడు.

"ఇంతకీ, మీ అసలు పేరేంటండీ?" అని అడిగాడు.