శుభలేఖ ప్యాకింగ్

సెల్ఫ్ కొట్టగానే అంబాసిడర్ దగ్గింది, ఒళ్లంతా ఊగిపోయింది, నల్లటి పొగ వదిలి ఊరుకుంది.

పెదబాబు మళ్లీ కొట్టాడు. ఈసారి పొగ ఒక్కటే వచ్చింది. కారు వెనక కారుమబ్బు!

వీధి వీధంతా లేచి అరుగుల మీదికొచ్చింది.

"ఏటయ్యా, నిన్ననే కదా కొత్త పంపు ఏసేవు?" గుమ్మంలోంచి అరిచింది భార్య అప్పలనరసమ్మ.

"ఏసేనే! అది ఇంజనుకి పెట్రోలు పంపుతాదో, నన్ను కాశీకి పంపుతాదో తెలట్లేదు."

"ఏడింటికి గణపతిరావు గారి గుమ్మంలో లేకపోతే ఆయనే పంపేత్తాడు."

అదే భయం. గణపతిరావు గోవాడ పంచదార ఫ్యాక్టరీలో చెరకు ఆఫీసరు. క్రషింగ్ సీజను మొదలైతే అద్దె కారులో రోజూ ఊళ్లు తిరగాలి. నిరుడు పెదబాబు కారు రావికమతం దారిలో ఆగిపోయి ఆఫీసరు చేతే తోయించుకుంది. అందుకని ఈ ఏడు ఆయన తెగేసి చెప్పాడు.

"మొదటి రోజు ఏడింటికల్లా కారు నా గుమ్మంలో ఉంటే సీజనంతా నీదే. అనకాపల్లి నుంచి ఇంకో కారుని కూడా రమ్మన్నాను, లేదంటే అది మాట్లాడుకుంటాను."

ఆ మొదటి రోజు ఇదే.

పెదబాబు మళ్లీ తాళం తిప్పబోయాడు.

"ఆగండి బాబూ, మరి కొట్టకండి. ఇంజను మునిగిపోతంది."

ఎవరో కొత్త మనిషి. మెడకి మఫ్లరు, చేతిలో టీ గ్లాసు.

"మునిగిపోతన్నది నేను గురూ!"

ఆయన పకపకా నవ్వి, గ్లాసు అరుగు మీద పెట్టి, బానెట్ ఎత్తాడు. ప్లగ్గు విప్పితే పెట్రోలు బొట్లు బొట్లుగా కారింది.

"కారన్నాక కారదేటి?" అన్నాడు పెదబాబు ఏడవలేక.

"పెట్రోలు అందక కాదు బాబూ, ఎక్కువై సస్తంది. పంపుకీ ఇంజనుకీ మధ్యన ఏం ప్యాకింగేసేరు?"

"శుభలేఖ కోసి ఎట్టేను. మా మరదలిది. మంచి మందం."

చోడవరంలో శుభలేఖ అందితే, పెళ్లికి మనుషులు వెళ్లినా మానినా, అట్ట మాత్రం ఏదో ఒక ఇంజన్లోకి వెళ్లి తీరుతుంది.

"మరదలి మీద గౌరవం ఉండాల గానీ, ఇక్కడికి సాలదు. పాత పంపు ఎనకాల నల్లటి దిమ్మ ఒకటుండాల. అది లేపోతే పంపు మీట లోపలికి ఎక్కువెళ్లిపోయి, పెట్రోలు కుమ్మరించేత్తాది."

"అదా! కొత్త పంపుకి పాత దిమ్మేటని తీసి పారేసేను."

ఇద్దరూ అప్పలనరసమ్మ వంక చూశారు.

"నాకేటి తెలుసు? నీళ్ల పొయ్యిలో ఎట్టేసేను. బాగానే మండింది."

"పోనీ, ఇంకో నాలుగు శుభలేఖలేద్దునా గురూ?"

"ఎన్ని పెళ్లిళ్లు సేసినా నూనెకి నానిపోతాయి బాబూ."

షాపులు తీసేది తొమ్మిది దాటాకే. పెదబాబు బంపరు మీద కూలబడ్డాడు.

"ఆ అనకాపల్లోడు ఈపాటికి వచ్చేసుంటాడు. ఆడి టైర్లు పేలిపోనూ! ఆడి కారు సెరకు బళ్ల ఎనకాల ఇరుక్కుపోనూ!"

"ఆడేటి సేసేడు మిమ్మల్ని?"

"ఆడికి బెల్లం మార్కెట్టుంది, రైలు స్టేషనుంది, ఎటు తిరిగినా బేరమే. నాకీ సీజనొక్కటే గురూ! ఇది పోతే కారమ్మేసి కారం అమ్ముకోవాల."

మఫ్లరాయన ఈసారి నవ్వలేదు. కారు వంక చూశాడు. కొంగు నోటికడ్డం పెట్టుకున్న అప్పలనరసమ్మ వంక చూశాడు.

"పంపు ఇప్పి ఉంచండి. ఇప్పుడే వత్తాను."

పెదబాబు పంపు విప్పి, ప్లగ్గులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. వెళ్లినాయన చేతులనిండా గ్రీజుతో తిరిగొచ్చాడు. అరచేతిలో నల్లటి దిమ్మ. పెదబాబు అందుకుంటే ఇంకా వెచ్చగా ఉంది.

"ఈయేలప్పుడు ఏ షాపు తీసేరు గురూ?"

"తెలిసినోడి దగ్గరదిలెండి. బిగించండి ముందు. నట్లు రెండూ సమంగా రావాల."

బిగించారు.

"చోకు నాబు ముట్టుకోకండి. ఏక్సిలేటరు నిండా తొక్కి సెల్ఫ్ కొట్టండి. తాగిందంతా కక్కేత్తాది."

కొట్టాడు. కారు తుమ్మింది. గుర్రుమంది. వీధికంతటికీ పొగ పెట్టింది. ఆ తర్వాత కుట్టు మిషనులా సన్నగా, సాఫీగా అందుకుంది!

ఆపి మళ్లీ కొట్టాడు. టక్కున అందుకుంది. అరుగుల మీద ఈలలు, చప్పట్లు. కారుతో పాటు పెదబాబు సెల్ఫ్ రెస్పెక్టు కూడా స్టార్టయింది.

మఫ్లరాయన ఖాళీ గ్లాసు తీసుకుని అప్పుడే వీధి మలుపు తిరుగుతున్నాడు.

"ఆ బాబుకి గుక్కెడు కాఫీ అయినా ఇయ్యనేదయ్యా! పేరన్నా అడగనేదు!"

"వచ్చేక అడుగుదాంలేవే!" అంటూనే గేరేశాడు పెదబాబు.

గణపతిరావు గుమ్మంలోనే నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. ఏడింటికి ఇంకా టైముంది.

"ఏదీ, ఆపి మళ్లీ స్టార్ట్ చెయ్యి."

పెదబాబు తాళం ఇలా ముట్టుకున్నాడో లేదో, ఇంజను అలా పలికింది.

"శభాష్! సీజనంతా నీదేనయ్యా," అని ఎక్కి కూర్చున్నాడు ఆఫీసరు.

పెదబాబు ఛాతీ ఉబ్బి స్టీరింగుకి ఆనింది. బుచ్చయ్యపేట రోడ్డెక్కేదాకా హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. అడ్డొచ్చిన చెరకు బళ్లన్నీ పక్కకి తప్పుకున్నాయి.

"అయితే సార్, ఆ అనకాపల్లోడు రానేదన్నమాట! మన కారు పేరు ఇనగానే పరారు!"

"ఎందుకు రాలేదూ, ఇలియాస్ అని, తెల్లారేసరికే చోడవరం చేరాడు," అన్నాడు గణపతిరావు చెరకు తోటల వైపు చూస్తూ. "నువ్వొచ్చే ముందే టీ కొట్టు దగ్గర్నుంచి ఫోన్ చేసి, తన కారు పంపు వెనక దిమ్మ తీసి ఎవరికో ఇచ్చేశాననీ, ఇక తన కారు కదలదనీ, మీ చోడవరం కారే ఎక్కమనీ చెప్పాడు."