మొదట నువ్వు చెప్పు

క్రిస్టీ గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అది చూడగానే ఆదిబాబుకు ఒళ్ళు మండిపోయింది.

"తొలకరికి తడిసిన మట్టి," అంది ఆ అమ్మాయి. "ఆ తర్వాత లవంగం. చివర్న కొంచెం బెల్లం పాకం."

బల్ల చుట్టూ నిలబడ్డ సందర్శకులు తమ గ్లాసులెత్తి వాసన చూశారు. కోల్‌కతా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఆదిబాబు గొంతు సవరించుకున్నాడు. "మట్టంటే మామూలు మట్టి కాదండీ, దల్మా కొండ మట్టి," అంటూ ఆ మాటనే పొడిగించి, ఏనుగుల గుంపు కథ ఒకటి కలిపి చెప్పాడు. అందరూ నవ్వారు. ఫొటోలు మాత్రం క్రిస్టీతో దిగారు.

డిమ్నా చెరువు గట్టున ఉన్న ఆ వైనరీలో నేరేడు పళ్ళతో వైన్ చేస్తారు. ఆనుకునే రెస్టారెంటు. ఆదివారమైతే ఊళ్ళోని మాంగో పేట వైపు నుంచి కార్లు బారులు తీరుతాయి. వచ్చినవాళ్ళకు వైన్ రుచి చూపించి, దాని గుణాలు చెప్పి, భోజనానికి సాగనంపడం ఆదిబాబు పని.

అతను అక్కడ చేరింది గేటు కాపలాకి. ఒకరోజు పీపాల మధ్య నుంచి పోతూ ఒకదాని దగ్గర ఆగి వాసన పీల్చి, "ఇది పాడైపోనాది సార్," అన్నాడు. మూత తీసి చూస్తే నిజమే. ఆ ముక్కే అతన్ని గేటు దగ్గర్నుంచి బల్ల దాకా తెచ్చింది. ఏడేళ్ళపాటు ఆ బల్లకు అతనే రాజు.

జనవరిలో అతను జ్వరమొచ్చి బర్మామైన్స్ బస్తీలో ఇంటి పట్టున పడుకుంటే, ఆ పదిహేను రోజుల కోసమని క్రిస్టీని తీసుకున్నారు. అతను తిరిగొచ్చాక కూడా ఆమెను పంపలేదు.

అప్పట్నుంచి ఆదిబాబు ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి గ్లాసు దగ్గరా "మొదట నువ్వు చెప్పు," అనేవాడు. పిల్లను తప్పులో పట్టుకోవడానికే ఇదంతా అని వంటవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. క్రిస్టీ ఒక్కసారీ దొరకలేదు.

సాయంత్రాలు అతను సందర్శకుల పుస్తకం తెరిచేవాడు. "క్రిస్టీ చెబుతుంటే వినాలి." "క్రిస్టీ కోసమే మళ్ళీ వస్తాం." పేజీలు వెనక్కి తిప్పి, తన పేరున్న చోట కాసేపు ఆగి, మూసేసేవాడు.

ఒక మధ్యాహ్నం చెరువు వైపు వరండాలో గ్లాసులు తుడుస్తున్న క్రిస్టీ ఉన్నట్టుండి వంటగదిలోకి పరుగెత్తింది. పెద్ద గిన్నెలో బిర్యానీ అడుగంటుతోంది. వంట మాస్టర్ పెరట్లో ఫోన్ మాట్లాడుతున్నాడు. ఆమె మంట ఆపి, పైనున్న అన్నాన్ని వేరే గిన్నెలోకి తీయించింది. నలభై మంది భోజనం దక్కింది. మాస్టర్ సంబరంగా చేపల వేపుడు పళ్ళెం నిండా పెట్టి ఆమె చేతికిచ్చాడు.

వంటగది గుమ్మం పక్కనే కూర్చుని తింటున్న ఆదిబాబు వైపు ఎవరూ చూడలేదు. డబ్బాలో సగం అన్నం అలాగే వదిలేసి లేచిపోయాడు.

తిన్నగా మేనేజర్ రాజ్‌కిరణ్ గదికి వెళ్ళాడు.

"ఆ పిల్ల తల్లో మల్లెపూలెట్టుకుని వత్తంది సార్. ఆ ఘాటుకి వైన్ వాసన ఏటవుతాది?"

రాజ్‌కిరణ్ రెండు రోజుల తర్వాత కబురు పంపాడు. ఆదిబాబు వెళ్ళేసరికి క్రిస్టీ అక్కడే నిలబడి ఉంది. తల్లో పూలు లేవు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఈ అమ్మాయిని రాంచీలో మన దుకాణానికి పంపేస్తున్నా," అన్నాడు రాజ్‌కిరణ్. "సోమవారం నుంచి బల్ల మళ్ళీ మీ ఒక్కరిదే. ఇప్పుడు ఖుషీయేనా?"

ఆదిబాబు ముఖం పాలిపోయింది.

"వద్దు సార్."

"ఫిర్యాదు చేసింది మీరే కదా?"

"పూలు మానమని చెప్పమన్నాను. పంపించేమన్నానేటి? ఆ పిల్ల నా పక్కనుండాల. నేకపోతే నేనూ రాను."

రాజ్‌కిరణ్ అతన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత తన ముందున్న బదిలీ కాగితాన్ని చింపేశాడు.

"మీ మనసు చాలా పెద్దది, ఆదిబాబూ!"

ఆదిబాబు తల దించుకుని బయటికి నడిచాడు. క్రిస్టీ అతని వెనకే గట్టు దాకా వచ్చింది.

"సచ్ బోలో బాబాయ్, నిజం చెప్పండి. నేనంటే మీకు కుళ్ళని ఇక్కడ అందరూ అంటారు. అబద్ధమా?"

"అబద్ధం కాదు. నువ్వు గ్లాసెత్తితే నా కడుపు రగిలిపోతాది. ఒక్క నువ్వేటి, ఒకోపాలి ఆ గేటుకాడ గార్డుని చూసినా రగులుతాది."

"మరి నన్నెందుకు ఆపారు? నేను పోతే పేరంతా మీకే వచ్చేది కదా?"

ఆదిబాబు చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు.

"ఎవులికీ చెప్పకు తల్లీ... అయిదు నెలలయ్యింది, నా ముక్కుకి ఏ వాసనా తెలడం నేదు."