విక్టోరియా కుర్చీ

"మీరు అలా స్కూటర్ల పక్కన నుంచోండమ్మా. ఇది కమిటీ మీటింగు," అన్నాడు అపార్టుమెంటు ప్రెసిడెంటు నరసరాజు.

విక్టోరియా కూర్చోబోయిన ప్లాస్టిక్ కుర్చీని ఆయనే వెనక్కి లాగాడు.

"నన్ను ఎన్నుకున్నారు కదండీ?"

"ఎన్నుకున్నారు, కాదనను. మీకింకా శ్రీలంక పాస్‌పోర్టే ఉందని అప్పుడెవరికి తెలుసు? పరాయి దేశం వాళ్లకి కమిటీలో చోటెలా ఇస్తామండీ?"

తెలియకేం, అందరికీ తెలుసు. దుబాయిలో నర్సుగా ఉండగా ఈ ఊరి వెస్లీని పెళ్లాడి, అతనితో తాడేపల్లిగూడెం వచ్చేసి, అతను పోయాక కూడా ఇక్కడే ఉండిపోయిన మనిషి. నరసరాజు తల్లికి రోజూ ఇన్సులిన్ సూది వేసినన్నాళ్లూ ఆమెది ఏ దేశమని ఆయన అడగలేదు. ముసలావిడ కన్నుమూశాక గుర్తొచ్చింది కాబోలు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే మరి.

"ఏవండీ, ఆవిడ నుంచుంటే నేనూ నుంచుంటాను," అంటూ అచ్చాయమ్మ లేచి వెళ్లి విక్టోరియా పక్కన నిలబడింది.

అచ్చాయమ్మ మొదటి అంతస్తులో అద్దెకుంటూ పచ్చళ్లు పెట్టి అమ్ముకుంటుంది. కమిటీలో ఉన్న ఒకే ఒక్క అద్దెమనిషి ఆమె. మిగతా పెద్దమనుషులు సెల్‌ఫోన్లలోకి తలలు దూర్చారు. నీళ్ల మోటారు గది తాళం నరసరాజు జేబులో ఉంటుంది, ఎవరికి నోరు పెగులుతుంది?

విక్టోరియా ఏలూరు కోర్టులో కేసు వేసింది. ప్రతి వాయిదాకీ ఇద్దరూ ప్యాసింజరు రైల్లో వెళ్లొచ్చేవారు. అచ్చాయమ్మ డబ్బాలో పులిహోర పెట్టుకొచ్చేది.

"నాకోసం మీ పని పాడుచేసుకుంటున్నారండీ," అంది విక్టోరియా ఒకసారి.

"మీ ఒక్కరికోసమేంటమ్మా. ఇవాళ మిమ్మల్ని నుంచోబెట్టినవాళ్లు, రేపు ఇంకొకర్ని నుంచోబెట్టరా?"

"సొంత ఫ్లాటున్న మనిషినండీ నేను. నన్ను తీసుకెళ్లి స్కూటర్ల పక్కన నిలబెడతారా?" విక్టోరియా కళ్లొత్తుకుంది.

"ఊరుకోండమ్మా," అని అచ్చాయమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

సాక్ష్యం చెబితే ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుందని అచ్చాయమ్మకి ఆమె ఇంటి ఓనరు చేత చెప్పించాడు నరసరాజు. సిగ్గులేని పని. అయినా ఆమె బోనెక్కింది. ఎన్నిక ఎలా జరిగిందో, కుర్చీ ఎవరు లాగారో పూసగుచ్చినట్టు చెప్పింది.

"మీ సంఘం నియమాల్లో 'ఇక్కడ నివసించేవారు' అని ఉంది. ఈ దేశపు పౌరులే కావాలని ఎక్కడుంది?" అని జడ్జిగారు అడిగితే నరసరాజు వకీలు కాగితాలు తిరగేశాడు.

విక్టోరియా గెలిచింది.

తర్వాతి జనరల్ బాడీ మీటింగులో అచ్చాయమ్మే కుర్చీ తెచ్చి, పమిట చెంగుతో తుడిచి, విక్టోరియాని కూర్చోబెట్టింది. తనూ పక్కనే కూర్చుంది.

నరసరాజు గొంతు సవరించుకున్నాడు. "కోర్టు మాట మనకి శిరోధార్యమండీ. 'నివసించేవారు' అని రాసుకోబట్టే కదా ఇంత రభస. ఆ మాట తీసేసి 'ఫ్లాటు యజమానులు' అని పెట్టుకుందాం. అద్దెవాళ్లు ఇవాళ ఉంటారు, రేపు పోతారు. కమిటీలో వాళ్లకేం పని?"

వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అచ్చాయమ్మ మాత్రం బెదరలేదు. విక్టోరియా వైపు తిరిగింది.

"చెప్పండమ్మా వీళ్లకి," అంది.

"దీనికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు నరసరాజు.

అందరికంటే ముందు విక్టోరియా చెయ్యెత్తింది.