పందిట్లో నవ్వు

పందిట్లోకి వస్తూనే పెళ్లికొడుకు జంపఖానా కాలికి తట్టుకుని బోర్లా పడ్డాడు. అప్పుడే ఆడవాళ్ల దిక్కునుంచి కిలకిలమని నవ్వు వినబడింది. మగపెళ్లివాళ్లు వచ్చిన కాళ్లతోనే వెనక్కి తిరిగారు.

పెళ్లికూతురి తండ్రి, మట్టెవాడ బట్టల దుకాణం పాండురంగం అటు ఉరికాడు. మైకు గొట్టం కింద ఆయన చిన్నబిడ్డ సుగుణ ఒక్కతే నిలబడి ఉంది.

“నేను గాదు బాపూ. మైకుల పాటలనే ఎవలో నవ్విన్రు.”

“అబద్ధాలాడుతానవా? పాటల ఎవలన్న నవ్వుతరా?”

అందరి ముందర చెంప మీద ఒక్కటి వేశాడు. అది చూసి మగపెళ్లివాళ్లు చల్లబడ్డారు. పెళ్లి జరిగిపోయింది.

మధ్యాహ్నం బంతి సాగుతుండగా మైకాయన పొద్దుటి రికార్డే మళ్లీ పెట్టాడు. పాట సగంలో అదే కిలకిల. విస్తళ్ల ముందున్న తలలన్నీ లేచాయి. నీళ్లు పోస్తున్న సుగుణ మూతి బిగించే ఉంది. చెంప మీద వేళ్ల అచ్చులు ఇంకా పోలేదు.

నెయ్యి వడ్డిస్తున్న పాండురంగం చెయ్యి ఆగిపోయింది. బిడ్డ మొహం చూడలేక మైకాయన వైపు తిరిగాడు.

“జర బంద్ చెయ్యవయా.”

“ఉండనీ బాపూ,” అంది సుగుణ. “నువ్వు కొట్టుడు అందరు చూసిన్రు. ఇది గూడ అందరు విననీ.”