చల్లబడ్డ నాలుగో సిలిండర్

ఫ్యాక్టరీకి కరెంటిచ్చే డీజిల్ ఇంజన్‌కి ఆరు సిలిండర్లు. అయిదింటి పొగ నాలుగు వందల డిగ్రీల వేడితో బయటికొస్తోంది. నాలుగోదాని ముల్లు మాత్రం రెండు వందల దగ్గరే చతికిలబడింది.

ఇంజనీరు ముందు మీటరునే అనుమానించి కొత్తది పెట్టాడు. ముల్లు కదల్లేదు. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ మార్చాడు. ఊహూఁ! మూడు రోజులుగా లాప్‌టాప్ ముందేసుకుని జుట్టు పీక్కుంటున్నాడు.

మేనేజరుకి ఒళ్లు మండిపోయింది. తిన్నగా ఇంజన్ గదిలోకి వచ్చి, ముప్పై ఏళ్లుగా ఆ ఇంజన్‌ని సాకుతున్న మేస్త్రి మీద విరుచుకుపడ్డాడు.

“సాయంత్రంలోగా సంగతి తేల్చకపోతే రేపట్నుంచి మీరు పనిలోకి రానక్కర్లేదు!”

మేస్త్రి చిరునవ్వు నవ్వాడు. “అలాగేనండీ. సంతోషం.”

గది గదంతా నోరెళ్లబెట్టింది. ఉద్యోగం ఊడుతుందంటే సంతోషమట! గుండె ధైర్యమంటే అదీ!

“గొట్టంలో గాలి చేరిందంటారా, మేస్త్రిగారూ?” ఇంజనీరు భయపడుతూనే అడిగాడు.

“టీ తాగారా?” అన్నాడు మేస్త్రి.

తన ప్రశ్న మరీ అంత తెలివితక్కువదా అని పాపం ఇంజనీరు ముడుచుకుపోయాడు.

మేస్త్రి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీశాడు. మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. ఎడమచెయ్యి నాలుగో సిలిండర్‌కి డీజిల్ వెళ్లే సన్న గొట్టం మీద నాడి చూస్తున్నట్టు వేశాడు. పక్క గొట్టం మీద వేశాడు. మళ్లీ నాలుగోదాని గొట్టం మీదే వేశాడు. అందరూ ఊపిరి బిగబట్టారు.

“ఇంజెక్టర్ భేషుగ్గా ఉంది. పంపు విప్పండి. నాలుగోదానికి డీజిల్ నెట్టే కడ్డీ ఇరుక్కుంది.”

ఇంజన్ ఆపి విప్పారు. కడ్డీ నిజంగానే బిర్రబిగుసుకుపోయి ఉంది. శుభ్రం చేసి బిగించి, ఇంజన్ వేశారు. ముల్లు మూడొందలు దాటి, నాలుగొందలకి చేరి బుద్ధిగా నిలబడింది.

మేనేజరు ఆనందం పట్టలేక మేస్త్రిని వాటేసుకున్నాడు. అప్పటికప్పుడు ఆర్డరు టైపు చేయించి అందరి ముందూ చదివాడు.

“ఇంతటి చెవి ఒక్క ఇంజన్‌కేనా? మన ఏడు ఫ్యాక్టరీల్లో ఏ ఇంజన్ మొరాయించినా దాని చప్పుడు ఫోన్లో వినిపిస్తాం. మీరు ఇంట్లో కూర్చునే జబ్బేమిటో చెప్పాలి. రేపట్నుంచి మీ పని ఇదొక్కటే!”

చప్పట్లే చప్పట్లు. “అంతా మీ దయ,” అంటూ మేస్త్రి దణ్ణం పెట్టి కాగితం జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికెళ్లగానే మీసం దువ్వుకుంటూ దాన్ని మడత విప్పకుండానే భార్య చేతికిచ్చాడు. ఆవిడ మొదటి వాక్యానికి మురిసిపోయింది. రెండోది చదివి మంచం మీద కూలబడింది.

కాసేపటికి తేరుకుని, కాగితం తిప్పి, “మీ రెండు చెవులూ పోయి నాలుగేళ్లయిందని ఇప్పుడైనా చెప్పేద్దామా?” అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఆయన కళ్లముందు పెట్టింది.